మూడో రెయిన్‌కోటు

"వీటిలో ఏది గట్టిదో చూసి చెప్పు పెద్దక్కా. అది పంపిన ఫ్యాక్టరీకే ఇకనుంచి మన కుట్టుపనంతా ఇచ్చేస్తాను" అంటూ యజమాని మూడు రెయిన్‌కోట్లు బల్ల మీద పడేశాడు.

హాల్లో పన్నెండు కుట్టుమిషన్లు ఒక్కసారిగా ఆగాయి. మూడు కోట్లూ సముద్రం దాటి వచ్చినవే. ఇక్కడి కోటు ఒకటి చూసి అలాగే కుట్టి పంపమంటే మూడు దేశాల ఫ్యాక్టరీలు పంపిన నమూనాలు. పని వాళ్ళకి పోతే ఈ పన్నెండుమందీ వచ్చే ఒకటో తారీకునుంచి ఇంట్లో కూర్చోవాలి. ఆ పన్నెండుమందిలో మొదటిది పెద్దక్కే. అంటే తన ఉరితాడు తననే పేనమంటున్నాడు. అదీ పెళ్ళికి చీర ఎంచిపెట్టమన్నంత తేలిగ్గా అడిగాడు.

ఆయన్ని అనడానికీ లేదు. కుట్టు చూసి మంచీచెడ్డా చెప్పగల కళ్ళు ఆ భవనంలో రెండే ఉన్నాయి. ఆ రెండూ పెద్దక్కవే. యజమానికి తెలిసింది రంగూ, ధరా.

పెద్దక్క మొదటి కోటును భుజం దగ్గర పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కుట్టు పళ్ళికిలించింది. పక్కన పడేసింది. రెండోదాన్ని లోపలివైపు తిప్పింది. కుట్టు పడిన ప్రతిచోటా సూది బెజ్జం ఉంటుంది. వాన ఆ బెజ్జాల్లోంచి దూరకుండా లోపల పట్టీ అతికించాలి. చంక దగ్గర గోటితో గీకితే ఆ పట్టీ కాస్తా లేచి చేతిలోకొచ్చింది. అదీ పక్కకు పోయింది.

మూడోదాన్ని లాగింది, గీకింది, వెలుతురుకు పట్టి చూసింది. చివరికి యజమానినే తొడుక్కుని పెరట్లో స్టూలు మీద కూర్చోమంది. బకెట్టుతో నీళ్ళు తెచ్చి నెత్తిన గుమ్మరించింది. పరీక్షకు రెండు బకెట్లు చాలు. ఆవిడ నాలుగు పోసింది. నాలుగోది కాస్త ఎత్తునుంచి పోసింది. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళు ఒక్కరూ వద్దనలేదు.

యజమాని లేచి కోటు విప్పాడు. చొక్కా పొడిగా ఉంది. ప్యాంటు సంగతి అడక్కండి.

"ఎలా ఉంది?" అన్నాడు ఆశగా.

కిటికీ దగ్గర పెద్దక్క మరదలు, గుండీలు కుట్టేది, నిలబడి ఉంది. బాలేదని ఒక్క మాట అనమని కళ్ళతోనే బతిమాలింది.

పెద్దక్క కోటు దులిపి మడతపెట్టింది. "బాగుంది. రెండు వానాకాలాలు నిశ్చింతగా తొడుక్కోవచ్చు."

యజమాని అటు వెళ్ళగానే మరదలు ఆవిడ మీద విరుచుకుపడింది. ఒక్క అబద్ధమాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అంది. పన్నెండు పొయ్యిల్లో నీళ్ళు పోశావు అంది.

"అది కుట్టినావిడ కూడా మనలాగే నడుం విరిగేలా కుట్టి ఉంటుందే. యజమాని మీద కోపం యజమాని మీద చూపిస్తాను. ఆవిడ కుట్టు మీద చూపించమంటే నావల్ల కాదు."

"చూపించావులే వదినా, నాలుగు బకెట్లు" అంది మరదలు, కోపంలోనే నవ్వొచ్చి.

"ఐదోది కూడా పోసేదాన్నే. కుళాయి ఆగిపోయింది."

మధ్యాహ్నం యజమాని ప్యాంటు మార్చుకొచ్చి, హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, మూడో కోటు పంపిన ఫ్యాక్టరీకి వీడియో కాల్ చేశాడు. భాష కోసం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నమ్మకం కుదరాలంటే ఫొటోలు చాలవు, ఫోను పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపించమన్నాడు. అవతలి మేనేజరు ఓపిగ్గా చూపించాడు. మిషన్లు, గోడౌను, మంటలార్పే సిలిండర్లు. ఇక్కడ ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తలుపు పెట్టించమంటే పదేళ్ళుగా చెవిన పెట్టని పెద్దమనిషి, అక్కడి మరుగుదొడ్లకు గడియ పడుతుందో లేదో వేయించి మరీ చూశాడు. పడింది. ఆయన మనసు కుదుటపడింది.

అప్పుడు మేనేజరు, తననీ రెండు ముక్కలు అడగనివ్వమన్నాడు. నమూనా కోసం మీరు పంపిన కోటు కుట్టిందెవరు అన్నాడు. యజమాని ఫోను పెద్దక్క వైపు తిప్పాడు. ఇంకాస్త దగ్గరగా, చేతులు కనపడేలా పెట్టమన్నాడు మేనేజరు. పెద్దక్క తలెత్తలేదు. మిషన్ ఆపలేదు.

మాకు పనిచ్చాక వీళ్ళేమవుతారు అని రెండో ప్రశ్న. యజమానికి చప్పున అర్థమైంది. సగం పని వాళ్ళకిచ్చి సగం ఇక్కడే ఉంచుకుంటానని అనుమానం కాబోలు.

"ఒక్కరూ మిగలరని చెప్పమ్మా. ఒకటో తారీకునుంచి అందరూ ఖాళీయే."

మరి మిషన్లేం చేస్తారు అని అడిగాడు మేనేజరు.

"పాత సామాను నేనేం చేసుకుంటాను, వాళ్ళనే పట్టుకుపొమ్మన్నానని చెప్పు." ఆ మాట నిజమని నమ్మించడానికి హాలు వైపు తిరిగి గట్టిగా, "పట్టుకుపోండమ్మా, మీవే. అందరి ముందూ చెబుతున్నా" అన్నాడు.

కూతురు ఆ మాటలు అటు చేరవేసి, అట్నుంచి వచ్చే జవాబు వినసాగింది. జవాబు పొడుగ్గానే ఉంది. వింటూ వింటూ నవ్వు బయటపడకుండా పెదవులు బిగబట్టుకుంది. ఏమంటున్నాడు, ఒప్పుకున్నట్టేనా అని యజమాని రెండుసార్లు అడిగాడు.

"ఒప్పుకున్నారు నాన్నా. అక్కడ ఇప్పుడు చేతులు ఖాళీ లేవట, అయినా మన కోట్లన్నీ టైముకి కుట్టించి ఇస్తామంటున్నారు" అంటూ కూతురు ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది. "రేటు మాట్లాడుకోవాలట, పెద్దక్కకివ్వమంటున్నారు."