మల్లన్న తాళం

ఆ ఏడు జీడి సీజను మొదలయ్యేసరికి గణపతిరావు చేతిలో ఉన్నవి మూడు: పన్నెండు లక్షల రొక్కం, పలాసలో ఒక ఖాళీ గోడౌను, నీలవేణి ఈమెయిలు పెట్టెకు తాళం. మొదటి రెండూ చెమటోడ్చి సంపాదించుకున్నవి. మూడోది ఆవిడ తెలివితక్కువతనం వల్ల ఉత్తినే వచ్చింది.

నీలవేణి అతనికి వరసకు మరదలు. మొగుడు రాజకీయాల్లో తిరుగుతుంటే జీడి ఫ్యాక్టరీ తనే నడుపుతుంది. పలాస వర్తకులు కొత్త చిట్టా తెరిస్తే మూలలకు పసుపు రాసి, రావివలస ఎండల మల్లన్న పేరు రాశాకే మొదటి అంకె వేస్తారు. కిందటేడు కంప్యూటరు కొన్నప్పుడు నీలవేణి దానికీ పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరిముక్క నములుతూనే గణపతిరావు లెక్క కట్టాడు. చిట్టాకు చేసినట్టు పూజ చేసిన మనిషి, చిట్టాను తెరిచినట్టే దీన్నీ తెరుస్తుంది.

కాశీబుగ్గ నెట్ సెంటర్లో మూల సీటు చూసుకుని, ఆవిడ అడ్రసు కొట్టి, పాస్‌వర్డు దగ్గర మల్లన్న పేరు కొట్టాడు. మొదటి దెబ్బకే తెరుచుకుంది.

"దేవుణ్ణి కాపలా పెట్టి పడుకుంటాది, ఎర్రి మాలోకం" అని నవ్వుకున్నాడు.

అప్పట్నుంచి ఏడాదంతా నీలవేణి ఢిల్లీ సేట్లకు జీడిపప్పుకు ఏ ధర రాస్తే, గణపతిరావు దానికి కిలోకు రెండు రూపాయలు తగ్గించి రాశాడు. రెండు పెద్ద ఆర్డర్లు ఇటు తిరిగాయి. ఎనభై మంది ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఫ్యాక్టరీలో నలభై మందికి పని పోయింది. ఇంకొక్క సీజను ఇలాగే గడిస్తే ఫ్యాక్టరీ అమ్మకానికొస్తుంది. ఎంతకు అడగాలో కూడా అనుకుని ఉంచాడు.

అంతలో ఆవిడ విశాఖపట్నం నుంచి కంప్యూటరు ఇంజినీరును రప్పించిందని, ఎనిమిది వేలు ఇచ్చిందని తెలిసింది. లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర నలుగురిలో దొరికితే గణపతిరావు ఊరుకోలేదు.

"ఏటి నీలవేణీ, కంప్యూటరుకి మందు కొట్టించేవంట? తోటకి కొట్టించినా కాపు పెరుగును కదే!"

"కొట్టించేను బావా. వైరస్సు, పురుగూ అయితే చస్తాయంట. పందికొక్కుకి మాత్రం ఆ మందు పనిసెయ్యదంట."

"కంప్యూటర్లో పందికొక్కేటే!" అని గణపతిరావు పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

మర్నాడు వెళ్ళి చూశాడు. మల్లన్న పేరు కొట్టగానే పెట్టె మళ్ళీ తెరుచుకుంది. ఎనిమిది వేలు పోసి, తాళం మాత్రం మార్చలేదు! అలాంటి మనిషికి వ్యాపారం ఎందుకని జాలిపడ్డాడు కూడా.

ఏప్రిల్లో ఆ పెట్టెలోకి బంగారంలాంటి ఉత్తరం వచ్చింది. రాసింది కేరళలోని కొల్లం నుంచి ఎవరో కొత్త సేటు. నాలుగు వందల బస్తాల పిక్కలు కావాలి. బస్తా మూడు వేల ఆరు వందలు. ఇరవయ్యో తేదీకి లారీలు వస్తాయి, డబ్బు అక్కడికక్కడే. అప్పుడు పలాసలో బస్తా రెండు వేల ఆరు వందలు పలుకుతోంది.

గణపతిరావు ఆ సేటుకు తన అడ్రసు నుంచి మూడు వేల అయిదు వందలకే ఇస్తానని రాశాడు. గంటలో సరేనని జవాబు వచ్చింది. వెంటనే బ్రోకరు బైరాగిని పిలిపించాడు.

"ఒక్కచోటే నాలుగొందల బస్తాలున్నాయి బావూ. మూడు వేలు సెప్తన్నారు."

"ఎవులివిరా?"

"పేరు సెప్పొద్దన్నారు. సాయంత్రంలోగా తియ్యకపోతే నీలవేణమ్మకి పోతాయి. మీ ఇట్టం."

ఆ ఒక్క పేరు చాలింది. ఏ సరుకు దిగినా గుప్పెడు పిక్కలు కోయించి, పప్పు చూస్తే గానీ డబ్బు తియ్యని మనిషి, ఆ రోజు ఒక్క పిక్క కూడా కోయించలేదు. పన్నెండు లక్షలూ లెక్కపెట్టి ఇచ్చేశాడు. ఖాళీ గోడౌను నిండింది.

ఇరవయ్యో తేదీ వెళ్ళింది. ఇరవై అయిదూ వెళ్ళింది. లారీలు రాలేదు. సేటుకు రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఉద్దానం తోటల నుంచి కొత్త పిక్కలు దిగి ధర రెండు వేల మూడు వందలకు పడింది. అప్పుడు గానీ గణపతిరావు ఒక బస్తా విప్పించి పిక్కలు కోయించలేదు. పప్పు ముడుచుకుపోయి, పసుపుపచ్చగా, పురుగు తొలిచి ఉంది.

సేటును నీలవేణే తిప్పుకుందని అతనికి అనుమానం వచ్చింది. నెట్ సెంటర్‌కు పరుగెత్తి ఆవిడ పెట్టె తెరిచాడు. కొత్తగా ఏమీ లేదు. ఇక సేటు పెట్టెలోనే చూడాలి. కొల్లం అడ్రసు కొట్టాడు. పాస్‌వర్డు దగ్గర కోపంలో, అలవాటుపడ్డ వేళ్ళు మల్లన్న పేరే కొట్టేశాయి.

పెట్టె తెరుచుకుంది.

కొల్లం సేటుకు రావివలస మల్లన్నతో ఏం పని?

లోపల పది ఉత్తరాలున్నాయి, పదీ గణపతిరావు రాసినవే. పంపకుండా ఉంచింది ఇంకొకటి ఉంది, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు:

"గణపతిరావు బావా, ఈ పెట్టె కూడా తియ్యకుండా ఉండలేవని తెలుసు, అందుకే అదే తాళం ఏసేను, బైరాగి నీకు తోలినవి మా గోడౌన్లో పురుగుపట్టిన నిరుటి పిక్కలు, ఢిల్లీ నట్టం పూడిపోయింది, నలభై మంది ఆడోళ్ళూ పనిలోకొచ్చేరు, కాశీబుగ్గ నుంచి ఎవులో మా పెట్టె తీస్తన్నారని కనిపెట్టి సెప్పిన మందు కొట్టినాయనకి పోసిన ఎనిమిది వేలూ నీ డబ్బుల్లోంచే రాబట్టేను."