చీలిన కొండ

మా బావకి బుర్రంతా వేళ్లలోనే ఉంది. ఆఫ్రికా అడవిలో కాపలా కాసే స్నేహితుడు పంపిన ఫొటోలు చూసి, ఖడ్గమృగాన్నీ దాని పిల్లనీ, వెనకున్న కొండతో, నీటిగుంటతో సహా ఉన్నదున్నట్టు బొమ్మలోకి దించాడు. ఆ జాతిలో మిగిలింది ఆ రెండేనట. కొమ్ము కోసం చంపేవాళ్లు వెతుకుతున్నారు, చోటు మాత్రం చెప్పొద్దని ఆ స్నేహితుడు ఒట్టు వేయించుకున్నాడు.

ప్రదర్శనలో ఒకాయన ఆ బొమ్మ ముందే పాతుకుపోయాడు. ఫ్రేములు కట్టేవాణ్ని, నా నోరు ఊరుకోదు. "జాగ్రత్తండీ, పొడుస్తుంది" అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఈ చీలిన కొండ నిజంగా ఉందా?" అని బావనడిగాడు.

"నేను కల్పించింది గడ్డిపోచ కూడా లేదండీ!"

"ఎక్కడుంది?"

"అదొక్కటీ అడక్కండి. ప్రాణం పోయినా చెప్పను."

"చెప్పొద్దులెండి. ఈ గుంటకి నీళ్లు తాగడానికి పొద్దున వస్తాయా?"

"నీడలు చూళ్లేదూ? పొద్దు వాలాకే!"

నేను బావ కాలు తొక్కాను. "మళ్లీ మొదలెట్టావా నీ కోతివేషాలు?" అని కసిరాడు.

ఆయన ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. వెనకనుంచి తొంగిచూశాను. అందులో కొండ ఉంది, నీటిగుంట ఉంది. తల్లీ లేదు, పిల్లా లేదు.

"బొమ్మ ప్యాక్ చేయించమంటారా?" బావ ఆశగా అడిగాడు.

"వద్దు, మీరే ఉంచుకోండి." ఆయన ఫోన్ జేబులో వేసుకున్నాడు. "రేపు పిల్లలకి చూపించడానికి బొమ్మయినా మిగలాలి కదా."