గన్‌ఫౌండ్రీ ఎత్తు

"కాలు మీద జోరు పెట్టకు. నువ్వు ఊరికే పెడలు తిప్పు, మోటారే గుంజుకపోతది," అన్నాడు ఇంద్రసేన మళ్లీ.

"ఔ, చెప్పిన్రు గద. జర పక్కకు జరగున్రి," అంది సంహిత భర్తతో.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో అప్పటికే జనం పోగయ్యారు. పోగవరా మరి! వెనకనుంచి చూస్తే మామూలు సైకిలే. ముందు మాత్రం గంగాళమంత చెక్కపెట్టె. అందులో పిల్లలు లహరి, శ్రావణ్ బెల్టులు కట్టుకుని, సందు మొత్తం తమదే అన్నట్టు కూర్చున్నారు. ఎలక్ట్రిక్ బండి. నిన్న సాయంత్రమే టెంపోలోంచి దిగింది. పొద్దున్నే అత్తగారు శశికళ పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హ్యాండిల్ నిండా బంతిపూల దండ చుట్టింది. మీటరూ, మీటలూ అన్నీ దండ కిందే ఉండిపోయాయి. దాన్ని కదిపే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నిరుడు కోఠిలో స్కూటీ మీంచి పడి సంహిత కుడికాలు విరిగింది. లోపల రాడ్ వేశారు. ఎముక బాగా అతుక్కుందని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు. ఇంట్లోవాళ్లే నమ్మలేదు. నిజానికి ఆమె కూడా నమ్మలేదు. అప్పట్నుంచీ పిల్లలు ఆటోలో వెళ్తున్నారు. బడికి పోతూ వాళ్లు చెప్పే కబుర్లన్నీ ఆటో డ్రైవర్ వింటున్నాడు. ఆమెకు కాలినొప్పి కన్నా అదే ఎక్కువ బాధ. చివరికి ఇంద్రసేనే వెతికి వెతికి ఈ బండి తెచ్చాడు. షరతు ఒక్కటే. ఇవాళ గన్‌ఫౌండ్రీ ఎత్తు ఎక్కితే రోజూ ఆమే పిల్లల్ని దింపుతుంది. ఎక్కలేకపోతే మళ్లీ ఆటోనే.

బండి కదిలింది. ఇంద్రసేన స్కూటర్ మీద వెంటే వచ్చాడు. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ కళ్లు పెద్దవి చేశాడు.

"ఏంది సార్ గిది? ఐస్‌క్రీం బండా?"

"కాదన్నా, బ్యాటరీది. పెట్రోల్ ఫికరే లేదు, బ్యాటరీ ఊడదీసి ఇంట్లనే ఛార్జింగ్. మా ఆమెకు కాలు బాగలేదు, మోటారే అంతా చూస్కుంటది."

లహరికి రోషం వచ్చింది. "మోటార్ కాదంకుల్! మా మమ్మీ తొక్కుతున్నది!"

కానిస్టేబుల్ నవ్వి చేయి ఊపాడు.

చాపెల్ రోడ్డు దాటేదాకా బాగానే ఉంది. లహరి తన టీచర్ గురించి, శ్రావణ్ తన పక్కన కూర్చునే పిల్లాడి గురించి ఆగకుండా చెబుతున్నారు. ఏడాదిగా తనకు దక్కని కబుర్లు. సంహితకు గాల్లో తేలుతున్నట్టుంది.

ఎత్తు మొదలైంది.

తొడ మండింది. దండ కింద తడిమి గేరు తగ్గించింది, అయినా చక్రం బద్ధకంగా తిరుగుతోంది. మోటారు సాయం చేస్తుంటేనే ఇంత బరువా! అయితే ఈ కాలిలో ఇక ఏమీ లేదన్నమాట. ఆమెకు ఏడుపొచ్చింది.

"మమ్మీ, ఆగిపోయినమా?" అన్నాడు శ్రావణ్.

"లేదు బిడ్డా. పోతున్నం. నువ్వు చెప్పు, ఆ పిల్లగాడు ఏమన్నడు?"

వెనక ఆటో హారన్ కొట్టింది. సంహిత దిగలేదు. పళ్లు బిగపట్టి తొక్కింది. చెమటకు కొంగు తడిసిపోయింది. బడి గేటు ముందు బ్రేకు వేసేసరికి చుట్టూ తల్లిదండ్రులు ఫోన్లు తీసి ఫోటోలు కొడుతున్నారు. పిల్లలిద్దరూ పెట్టెలోంచి దూకి, ఊరేగింపు బండి దిగిన పెళ్లివారిలా దర్జాగా లోపలికి నడిచారు.

ఇంద్రసేన ముఖం వెలిగిపోతోంది. "చూసినవా! నేను చెప్పలే? మోటారంటే గట్లుండాలె!" అంటూ బండిని తట్టాడు.

సంహిత గేటు పక్క గట్టు మీద కూలబడింది.

"రేపట్నుంచి ఆటోకే చెప్పున్రి," అంది నేలచూపులు చూస్తూ.

"ఏంది? ఎక్కినవ్ గద!"

"మోటారు గుంజినా పానం పోయినంత పనైంది. ఈ కాలుతోని ఇగ నాతోని కాదు. నాకర్థమైంది."

 ఇంద్రసేన ఆమె పక్కన కూర్చున్నాడు. అంతలో ఫోన్ మోగింది. తల్లి. స్పీకర్ పెట్టాడు.

"ఏంరా, ఏడిదాంక నూకుకుంట పోయిన్రు? కోడలి కాలు పైలం," అంది శశికళ కంగారుగా.

"నూకుడెందుకమ్మా? సంహితనే తొక్కింది. ఎత్తెక్కి బడికాడున్నం."

అవతల శశికళ గొంతు పెంచింది.

"ఎట్ల ఎక్కిందిరా? నేను బొట్టు పెట్టిన బ్యాటరీ ఇంట్లనే దేవుని ముందట ఉన్నది!"