జర్మనీ బిస్కెట్ల డబ్బా

డబ్బా మూత తీయకముందే ప్రేమమ్మ టీచరుకు ఆ బిస్కెట్ల మీద అసహ్యం పుట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. దర్శి పక్క పల్లెలోని ఆ చిన్న చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారి భార్య హెలెన్, మధ్యలో బల్ల మీద నీలం రంగు డబ్బా పెట్టింది. ఒంగోలులో ఈమధ్యే తెరిచిన డిస్కౌంట్ స్టోర్‌లో కొన్నదట. జర్మనీ సరుకట. ఒకటి కొంటే ఒకటి ఉచితమట.

"ఈసారి క్రిస్మస్‌కి ఇవే తెప్పిద్దామండి," అంది హెలెన్. "ఇంటికో డబ్బా ఇవ్వొచ్చు. పత్తి తీతల రోజుల్లో మీకు ఈ పిండి, నెయ్యి గొడవ ఎందుకు?"

ముప్పై మంది ఆడవాళ్లూ ముందు ప్రేమమ్మ మొహం చూశారు.

చూడరూ మరి. ఇరవై రెండేళ్లుగా ఆ చర్చిలో క్రిస్మస్ బిస్కెట్లంటే ప్రేమమ్మే. గేదె ఉన్న ఇంటి నుంచి గ్లాసుడు నెయ్యి, లేని ఇంటి నుంచి పంచదారో మైదానో వసూలు చేసేది. ఊళ్లో మిగతావాళ్లు దర్శి వెళ్లి, బుడాన్ బేకరీలో సరుకులన్నీ ఇచ్చి బిస్కెట్లు కాల్పించుకుంటారు. ప్రేమమ్మ అలా ఇచ్చే మనిషి కాదు.

"బేకరీవాడి చేతికి నెయ్యి ఇచ్చి, అది బిస్కెట్లలోకే పోతుందని నమ్మేంత వెర్రిదాన్ని కాదు," అనేది.

పిండి ఇంట్లోనే కలిపి, ముద్దలు చేసి పట్టుకెళ్లేది. అప్పటికీ నమ్మకం చాలక పొయ్యి పక్కనే స్టూలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చునేది. అచ్చు వేయడం, కాల్చడం తప్ప బుడాన్‌కి ఇంకేం మిగిలేది కాదు. పాపం, ఆ మనిషి ఒక్కనాడూ మారు మాట అనలేదు.

నెయ్యి విషయంలో ఆవిడకు అంత పట్టింపు. కొట్లో కొన్న నెయ్యి ఆవిడ ఇంటి గడప తొక్కలేదు. ఆ వాసనకే అన్నం సహించదట.

అలాంటి మనిషి ముందు హెలెన్ ఆ డబ్బా మూత తీసింది.

ప్రేమమ్మ రెండు వేళ్లతో ఒక బిస్కెట్ పైకెత్తి, వెలుతురుకు పట్టి, బోర్లించి చూసింది.

"ఇదేంటమ్మగారూ, రంగే రాలేదు. సగం కాల్చి వదిలేశారా?"

"అవి అలాగే ఉంటాయండి టీచరుగారూ."

"సుద్దముక్కలా ఉంది. ముప్పై ఏళ్లు బడిలో ఇవే పట్టుకుని చచ్చాను. ఇప్పుడు తినాలా?"

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో ప్రేమమ్మకు ఊపొచ్చింది. డబ్బా తిప్పి అడుగున చూసింది.

"ఫిబ్రవరితో గడువు అయిపోతోంది. వాళ్ల దేశంలో ఎవరూ కొనక మన మొహాన కొట్టారు. మీరేమో దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు."

హెలెన్ మొహం చిన్నబోయింది. "ఒక్కసారి తిని చూడండి."

ప్రేమమ్మ అంచు విరిచి నోట్లో వేసుకుంది. ఒక్క క్షణం ఆవిడ దవడ ఆగింది. తర్వాత చేతిరుమాలు తీసి, అందరూ చూస్తుండగా అందులో ఉమ్మేసింది.

"పాచి కంపు," అంది.

డబ్బా వరసలో తిరిగింది. టీచరు ఉమ్మేసినదాన్ని మెచ్చుకునే ధైర్యం ఎవరికుంటుంది? ఒకావిడ ఇసుకలా రాలిపోతోందంది. ఇంకొకావిడ తీపి లేదంది. చెంచమ్మ మాత్రం బిస్కెట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది. రెండు గేదెలను మేపుకునే ముసలావిడ.

"నేను వెన్న కాచేప్పుడు ఇల్లంతా వచ్చేది ఈ వాసనే," అంది. "మన బిస్కెట్లకి ఇంతింత నెయ్యి పోస్తామా, మరి ఈ వాసన ఎందుకు రాదో."

"చుట్ట కాల్చే ముక్కుకి వెన్నేదో పాచేదో ఏం తెలుస్తుందే?" అంది ప్రేమమ్మ. "అసలు నెయ్యి కాలిందంటే దాని వాసన పిండిలోకి ఇంకిపోతుంది. చదువుకున్నదాన్ని చెప్తున్నా, విను."

చెంచమ్మ బిస్కెట్‌ను తిరిగి డబ్బాలో పెట్టేసింది. తన ముగ్గురు పిల్లలకూ అక్షరాలు దిద్దించిన మనిషితో వాదనేమిటి?

ప్రేమమ్మ లేచి నిలబడింది. ఒక్క ఏడాది ఈ పని చేయి దాటితే మళ్లీ తన దగ్గరికి రాదని ఆవిడకు తెలుసు.

"అమ్మగారూ, మీరు నిన్నగాక మొన్న వచ్చారు. వీళ్లు పిల్లల నోరు కట్టి, చారెడు చారెడు దాచి, ప్రభువు పేరున గ్లాసుడు నెయ్యి ఇస్తారు. దాన్ని కాదని ఆయన పుట్టినరోజుకి తగ్గింపు సరుకు పంచుతారా?"

వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. హెలెన్ డబ్బా మూత పెట్టేసింది.

"తప్పయిపోయిందండి. ఎప్పటిలా మీ చేత్తోనే కానివ్వండి."

శనివారానికల్లా ప్రేమమ్మ పాలక్యాను నిండింది. హెలెన్ కూడా చీరాల నుంచి పుట్టింటివాళ్లు పంపిన నెయ్యి సీసా తెచ్చి, తల వంచుకుని అందులో పోసింది. చెంచమ్మ రెండు గ్లాసులు పోసింది. ఒకటి మామూలుది, రెండోది మొన్న నోరు జారినందుకు.

క్యాను పట్టుకుంటామని నలుగురు ముందుకొచ్చారు. ప్రేమమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వీధి చివర ఇంటిదాకా తానే మోసుకెళ్లింది. తలుపు గడియ పెట్టి, కొంగు బిగించి, మైదా జల్లించి పెద్ద పళ్లెంలో పోసింది.

ఆపైన ఏటా చేసినట్టే, క్యానులోని నెయ్యంతా తన వంటింటి జాడీల్లోకి వంచుకుని, మైదాలోకి డాల్డా ప్యాకెట్లు కత్తిరించి పిండింది.