ఇనుముతో తగ్గే జబ్బు

"బీగాలు ఇట్లియ్యండత్తా. ఆడికృత్తిక పండగ జనం తిరుత్తణి కొండెక్కేలోపల అంగడి తెరవాల" అని కోడలు కోకిల చెయ్యి చాచగానే మీనాంబకు మళ్లీ ఈడ్పులు వచ్చాయి. చాప మీద పడి కాళ్లూ చేతులూ కొట్టుకోసాగింది.

తెలుగు అయ్యవారుగా రిటైరైన ఆమె భర్త రాజేంద్రప్రసాద్ పేపరు మడిచాడు.

"ఈడ్చడంలోనించి వచ్చిందమ్మా ఈ ఈడ్పనే మాట. నరాల్ని లోపలినించి ఎవరో ఈడ్చినట్టు ఉంటాది గదా. అరవంలో ఇళుప్పు అన్నా అదే అర్థం."

"అర్థం సరే మామా, ఇప్పుడేం చేసేది?"

"చేతిలో ఇనుము పెట్టు. ఎప్పుడూ బీగాలగుత్తి పెడితే తగ్గిపోతాది."

కోకిల అత్త బొడ్లోంచి తాళంచెవుల గుత్తి తీసి తన నడుముకు దోపుకుంది. వంటింట్లోంచి ఇనుప అట్లకాడ తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

ఈడ్పులు తగ్గలేదు, ఇంకా ఎక్కువయ్యాయి. కాసేపటికి మీనాంబ ఒక కన్ను తెరిచి చేతిలోకి చూసుకుంది.

"ఇది కాదే" అంది.

"అదీ ఇనుమే గదత్తా" అంటూ కోకిల చెప్పులేసుకుంది.

రాజేంద్రప్రసాద్ భార్యనూ అట్లకాడనూ మార్చి మార్చి చూశాడు.

"ముప్పై ఏండ్లుగా నేను మాటకే అర్థం చెప్తా ఉండా" అన్నాడు.