వెంకటస్వామి గొంతు

“మా ఆయన గొంతు అమ్ముకునేదానికి నువ్వెవడివిరా?”

స్టూడియో గాజు తలుపు తోసుకుని వచ్చి కృష్ణవేణమ్మ గుమ్మంలోనే నిలబడింది. మార్కాపురం బస్టాండు వెనక వీధిలో ఫ్లెక్సీలు, మైకు ప్రకటనలు తయారుచేసే అశోక్ చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి గబుక్కున లేచాడు.

“కూర్చో పిన్నమ్మా...”

“కూర్చోను. పొద్దున మా వీధిలోకి ఆటో వచ్చినాది. మిరప విత్తనాలంట. మైకులో పలికింది ఎవురి గొంతు?”

అశోక్ తల వంచుకున్నాడు.

ఆ గొంతు ఆమె భర్త వెంకటస్వామిది. త్రిపురాంతకంలో తిరునాళ్ళయినా, కురిచేడులో రైతుల సభ అయినా, మైకులో ఆయన “అయ్యలారా, అమ్మలారా” అన్నాడంటే జనం చేతిలో పని ఆపి వినేవాళ్ళు. కిందటేడు క్యాన్సరని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆ రోజునుంచి ఆయన నోట మాట లేదు.

అలాంటి గొంతు పొద్దున ఇంటి ముందు ఖంగున మోగింది. కృష్ణవేణమ్మ కడుగుతున్న బియ్యం అక్కడే వదిలేసి, తడిచేతులతో వీధిలోకి పరుగెత్తింది. ఆటోలో డ్రైవరు, పైన ఒక స్పీకరు. అంతే. ఎదురింటావిడ మాత్రం సంతోషంగా అడిగింది, “మీ ఆయనకి మాటొచ్చినాదా?” అని.

“ఎట్ల చేసినావు?” అంది ఇప్పుడు అశోక్‌తో.

“పాత రికార్డింగులు కంప్యూటరుకి ఇస్తే అదే నేర్చుకుంటాది పిన్నమ్మా. మనం ఏం టైపు చేస్తే అది ఆ గొంతుతోనే చెప్తాది. విత్తనాల కంపెనీవాళ్ళు నమ్మకమైన గొంతు కావాలంటే ఆశపడినా. తప్పే.”

“ఆ విత్తనాలు మొలవకపోతే రైతులు ఎవుర్ని తిట్టుకుంటారు? నిన్నా? తెలియని సరుకు కోసం ఆయన ఏనాడన్నా మైకు పట్టినాడా?”

“లేదు పిన్నమ్మా.”

“లాయరు అరుణకుమారి దగ్గరికి పోయే వస్తా ఉండా. మనిషి గొంతు ఆ మనిషి సొత్తేనంట. అడక్కుండా వాడుకోకూడదని హైకోర్టులే చెప్తా ఉండాయంట. సినిమావాళ్ళకైతే ఒకటి, మైకు వెంకటస్వామికైతే ఒకటీనా అంటా ఉంది ఆమె. నోటీసు టైపు చేసి పెట్టింది. పంపమంటావా, తీసేస్తావా?”

అశోక్ ఫోన్ తీసి ఆటోవాడికి చెప్పి మైకు ఆపించాడు. ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో పెట్టిన ప్రకటన కూడా ఆమె కళ్ళముందే తీసేశాడు.

“ఇంక కంప్యూటర్లో ఉండే ఆ గొంతు కూడా తీసెయ్,” అంది కృష్ణవేణమ్మ.

“అదొక్కటీ ఉండనీ పిన్నమ్మా. ఇంకెవురికీ వాడను, ఒట్టు. చిన్నాయనతో ఒక్క మాట మాట్లాడి...”

“ఆయన పేరెత్తొద్దు! చేనికి పోయి ఉండాడు కాబట్టి సరిపోయింది. తన గొంతు ఊరంతా తిరగతా ఉంది, తనకి మాత్రం లేదని తెలిస్తే ఆ మనిషి బతుకుతాడా? తీసెయ్. ఆ పాత రికార్డింగులు కూడా. అవి ఉంటే రేపు మళ్ళా చేస్తావు.”

“పన్నెండేళ్ళుగా ఈడ రికార్డు చేసినవి పిన్నమ్మా. ఇంకెక్కడా లేవు. పోతే మళ్ళా రావు. కావాలంటే నీకు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తా, ఇంట్లో పెట్టుకో.”

కృష్ణవేణమ్మ తల అడ్డంగా ఊపింది.

“విని ఏం చేసుకోను? విన్నప్పుడల్లా ఆయన మొహం చూడలేక చస్తా. వద్దు.”

అశోక్ ఇంకేదో చెప్పబోయాడు. ఆమె చేతిసంచిలోంచి లాయరు కాగితం తీసి బల్లమీద పెట్టింది. అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫైళ్ళన్నీ ఒకచోటికి చేరుస్తుంటే వేలు తగిలి ఒకటి మోగింది. “అయ్యలారా, అమ్మలారా...”

కృష్ణవేణమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

“నొక్కు,” అంది.

అశోక్ డిలీట్ నొక్కాడు. గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది.

ఆమె మెట్లు దిగుతుంటే వెనకనుంచి అతని గొంతు వినిపించింది. “చిన్నాయనకి ఏం చెప్పాలో నాకు తెలీడంలా పిన్నమ్మా.” ఆమె తిరిగి చూడలేదు.

పొద్దు వాలకముందే వెంకటస్వామి చేనినుంచి వచ్చాడు. ఎదురింటావిడ ఆయనకి వీధి మొగలోనే ఆటో సంగతి చెప్పేసినట్టుంది, వస్తూనే భార్యవైపు ఏమైందన్నట్టు చూశాడు. ఇక దాచి లాభం లేదని కృష్ణవేణమ్మ నీళ్ళ చెంబు అందిస్తూ చెప్పింది.

“అశోక్‌గాడు నీ గొంతు దొంగిలించినాడయ్యా. పోయి కడిగేసి వచ్చినా. నీ గొంతు ఇంక ఎవురూ వాడుకోలేరు. పాత రికార్డింగులతో సహా అంతా తుడిపించేసినా.”

మెచ్చుకోలుగా తల ఊపుతాడనుకుంది. వెంకటస్వామి చెంబు కింద పెట్టి, మంచం మీద కూలబడ్డాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు. ఆపరేషన్‌లో మెడకి పెట్టిన రంధ్రంలోంచి గాలి మాత్రం వచ్చింది.

“ఏందయ్యా? మంచి పనే కదా చేసింది?”

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. చాలాసేపు వేలితో పైకి జరుపుతూ పోయి, ఒకచోట ఆపి, ఆమె చేతిలో పెట్టాడు. నెల కిందట తను అశోక్‌కి పంపిన మెసేజ్ అది. కృష్ణవేణమ్మ కూడబలుక్కుంటూ చదివింది.

“అశోకూ, పాత రికార్డింగులతో నా గొంతు ఫోన్లో పలికేటట్టు చెయ్, మీ పిన్నమ్మకి మాత్రం చెప్పొద్దు. ముప్పై ఏళ్ళుగా ‘ఏమే’ అనే పిలిచినా, ఒక్కసారన్నా ‘కృష్ణవేణీ’ అని పిలవాల.”