నల్లోడి సాగనంపు

“ఇక్కడొద్దు. గుట్ట ఇంకా పైకెక్కుదాం,” అన్నాడు వెంకటకృష్ణ. “ఇక్కడ వదిలితే మళ్లీ ఇంటికొస్తది.”

“బోనకల్ నుంచి కొత్తగూడెం దాకా రైల్లో తెచ్చారు. అక్కణ్నుంచి ఇంత దూరం ఆటోలో తెచ్చారు. ఇంకెట్ల వస్తదండీ?” అంది భార్య ఉదయశ్రీ.

“రెండుసార్లు ఏరు దాటించి వదిలితే ఏమైంది? తెల్లారేసరికి గుమ్మంలో తోక ఊపుకుంట నిలబడలేదా?”

ఆ మాట నిజమే. వాళ్ల పెంపుడు కుక్క నల్లోడికి ముసలితనం వచ్చి చూపు మందగించింది గానీ ముక్కు మందగించలేదు. చూపు ఆనక ఇంటికొచ్చిన చుట్టాల మీద పడుతున్నాడు. పోయినవారం ఏకంగా వెంకటకృష్ణ మేనమామ పిక్క పట్టుకున్నాడు. దాంతో వాడికి ఆ ఇంట్లో నూకలు చెల్లాయి. ఇరుగుపొరుగుకు మాత్రం కుక్కల్ని గుట్టలకు షికారు తీసుకుపోతున్నామని చెప్పారు. నమ్మకం కుదరడానికి వెంకటకృష్ణ ఈమధ్యే ముచ్చటపడి తెచ్చుకున్న మేలుజాతి కుక్క రాకీని కూడా వెంట తెచ్చారు. పైగా రాకీ తోడు లేనిదే నల్లోడు రైలెక్కేలా లేడు.

పిచ్చి నల్లోడు! నిజంగా షికారే అనుకున్నాడు. ముందు ముందు నడుస్తూ, ప్రతి మలుపులో ఆగి, గాలిలోకి ముక్కు ఎత్తి, వెనకవాళ్లు వస్తున్నారని తేలాకే మళ్లీ కదులుతున్నాడు. తను తప్పిపోతానని కాదు, వీళ్లెక్కడ తప్పిపోతారోనని వాడి బెంగ.

“కింద గూడెం ఉంది కదా,” అంది ఉదయశ్రీ. “ఎవరో ఒకరు ఇంత గంజి పోస్తారంటారా?”

“అవ్, పోస్తారులే. పద.”

పోసినా తాగడానికి నల్లోడు ఉండడని వెంకటకృష్ణకు తెలుసు. పొద్దున ఆమె వాడి కోసమని కోడికూర కలిపి గిన్నెకెత్తిన అన్నంలో, ఆమె తల దువ్వుకునే సందు చూసి, పత్తి చేనుకని తెచ్చిన పురుగుమందు కలిపేశాడు. మసాలా ఘాటులో ఆ వాసన కలిసిపోయింది. వదిలిన కుక్క తిరిగొస్తుంది, చచ్చిన కుక్క రాదు. అతని లెక్క అతనిది. ఈ సంగతి ఉదయశ్రీకి చెబితే కుక్కను వదలడం సంగతి అటుంచి, అతన్నే వదిలేసేలా ఉంటుంది.

గుట్ట మీద ఇప్పచెట్టు నీడన సంచిలోంచి గిన్నె తీసి ఆమె చేతికిచ్చాడు.

“నీ చేత్తోనే పెట్టు. దానికీ తృప్తి, నీకూ తృప్తి.”

ఉదయశ్రీ కళ్లు నిండాయి. “మీకు గింత జాలి ఉందని నాకు తెల్వదండీ.”

వెంకటకృష్ణ తల వంచుకున్నాడు. సిగ్గుతో కాదు, నవ్వు కనపడకుండా.

మూత తీయగానే కూర వాసనకు రాకీ ఒక్క దూకు దూకింది. వెంకటకృష్ణ ఒక్క అంగలో దాన్ని అందుకున్నాడు. గొలుసు పట్టి గుంజి, డొక్కలో ఒక్కటి తన్ని, దాన్ని బండ అవతలికి ఈడ్చుకుపోయాడు. అక్కడ చతికిలబడి సిగరెట్టు ముట్టించాడు. ఇవతల నుంచి ఆమె మాటలు వినపడుతున్నాయి.

“తిను నాన్నా... ఏంది, అలిగినవా? తిను బంగారం.”

కాసేపటికి మాటలు ఆగిపోయాయి. ఇంకాసేపటికి ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

“తిన్నదా?”

“మెతుకు మిగల్చలేదు. తిని నా కాళ్ల మీద తలపెట్టి పడుకున్నాడు. లేస్తే వెంటొస్తాడని మెల్లగా తల కిందపెట్టి వచ్చేశాను. కదల్లేదు పాపం.”

“కదలదులే,” అనేసి నాలుక్కరుచుకున్నాడు. “కడుపు నిండింది కదా!”

సాయంత్రం రైలు పెట్టెలో పెద్దగా జనం లేరు. రాకీని సీటు కిందే పడుకోబెట్టుకున్నారు. రైలు కొత్తగూడెం దాటి వేగం అందుకుంది. ఉదయశ్రీ కిటికీకి తల ఆనించి కూర్చుంది. గాలి కొడుతున్నా ఆమె ముఖమంతా చెమటే.

“తల తిరుగుతుందండీ. కడుపులో దేవుతుంది.”

“ఎండలో గుట్ట ఎక్కినవ్. పైగా పొద్దుట్నుంచి ఒకటే ఏడుపు. తిరగదా మరి?” ఆమె వంక చూడకుండానే కసిరాడు.

అతను చూస్తున్నది రాకీని. దాని మూతి వెంట చొంగ కారుతోంది. వెంకటకృష్ణకు పై ప్రాణాలు పైనే పోయాయి. గభాల్న కింద కూలబడి, రెండు చేతులతో దాని నోరు తెరిచి చూశాడు. కళ్లు చూశాడు. డొక్క నిమిరి చూశాడు.

“నిజం చెప్పు. ఆ గిన్నెలోది దీనికి పెట్టినవా?”

“లేదండీ. మీరు అటు లాక్కుపోయారు కదా.”

“ఒక్క మెతుకన్నా?”

“ఒట్టు. దాన్ని దగ్గరికే రానీయలేదు.”

“అమ్మయ్య!” రాకీ తలను ఒళ్లోకి లాక్కున్నాడు. “మొత్తం ఆ ముసలిదే తిన్నదన్నమాట. గట్ల చెప్పు మరి, చంపినవ్ కదే నన్ను!”

ఉదయశ్రీ వణుకుతున్న చేత్తో పెదవులు తుడుచుకుని, ఓపిక లేని నవ్వొకటి నవ్వింది.

“ఇన్నేళ్ల నుంచి ఇంట్ల చూస్తున్నారు, ఆ మాత్రం తెల్వదా మీకు? ముందు నేను రెండు ముద్దలు తింటే గానీ, వాడు గిన్నెలో మూతి పెట్టడండీ!”